క్నెడ్లీక్‌కి కొత్త ఇల్లు

అవతల కూతురు ఎప్పుడో ఫోన్ పెట్టేసింది. యార్మిలా మాత్రం దాన్ని ఇంకా చెవికి ఆనించుకునే నిలబడింది.

"నాన్న పెద్ద గాజుపెట్టె ఆర్డర్ పెట్టాడమ్మా. దీపాలు వాటంతటవే వెలుగుతాయట. నీళ్ల తుంపర దానంతటదే పడుతుందట. లోపల నిజం మొక్కలు. ఈస్టర్‌లోగా నువ్వు కూడా సరైనది పెట్టకపోతే క్నెడ్లీక్‌ని ఇక్కడికి తెచ్చేసుకుంటాం," అంటూ పెట్టేసింది వెందుల. కోపంగా అన్నా బాగుండేది. ఆ పిల్ల బస్సు ఎన్ని గంటలకో చెప్పినట్టు చెప్పింది.

క్నెడ్లీక్ ఒక గోదురుకప్ప. పిడికెడంత ఉంటుంది, మట్టిరంగు, వీపంతా మొటిమలు. దాని తాతముత్తాతలది ఆఫ్రికా అట గానీ అది మాత్రం ఇక్కడే, చెక్ దేశంలోని బ్ర్నోలో ఎవరిదో స్నానాల గదిలో పుట్టింది. మూడేళ్ల కిందట వెందుల పుట్టినరోజుకి కొన్నారు. ఇంటికి తెచ్చి బయటికి వదలగానే అది కాళ్లు ముడుచుకుని, ఉడికించిన పిండిముద్దలాగా గుండ్రంగా కూర్చుంది. "క్నెడ్లీక్!" అని అరిచింది పిల్ల. యార్మిలా బడి వంటశాలలో రోజూ అలాంటి క్నెడ్లీక్‌లనే వండి, దారం పట్టి ముక్కలు కోస్తుంది కాబట్టి ఇంట్లో అందరూ పడి పడి నవ్వారు. అప్పటికి ఇంట్లో అందరూ అనేవాళ్లు ఉండేవాళ్లు.

తర్వాత భర్త రదోవాన్ వెళ్లిపోయాడు. ఒలొమౌత్స్ దగ్గర్లోని ఒక పల్లెలో తోట ఉన్న ఇల్లు తీసుకుని ఇలోనా అనే ఆవిడతో కాపురం పెట్టాడు. కోర్టు పిల్లని ఒక వారం తండ్రి దగ్గర, ఒక వారం తల్లి దగ్గర ఉండమంది. మే నెలలో వెందులకి పన్నెండు నిండుతాయి. అప్పుడు పిల్లల సంక్షేమ కార్యాలయం నుంచి ఒకావిడ వచ్చి, నీకు ఎక్కడ ఉండాలని ఉందమ్మా అని అడుగుతుంది. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా యార్మిలా కప్ప వైపు చూస్తుంది. కప్ప ఎక్కడుంటే పిల్ల అక్కడే ఉంటుంది. ఆ సంగతి తనకి ఎవరూ చెప్పలేదు, చెప్పక్కర్లేదు కూడా. వెందుల ఈ ఇంటికి రాగానే తలుపులో బూట్లు విప్పి, తల్లి వైపు కాదు, ముందు కప్ప వైపే పరిగెడుతుంది.

ఆ కప్ప ఉంటున్నదేమో ఒక ప్లాస్టిక్ డబ్బాలో. కింద వంటగది కాగితం, ఒక మూల బోర్లించిన పగిలిన పూలకుండీ, ఒక నీళ్ల గిన్నె. అంతే. రదోవాన్ దాన్ని ఆసుపత్రి వార్డు అనేవాడు. యార్మిలాకి మాత్రం దానికి వంద కారణాలు ఉన్నాయి. మట్టి వేస్తే పురుగులు వస్తాయి. దీపం పెడితే తీగ కాలి ఇల్లు అంటుకుంటుంది. మొక్క పెడితే అది విషం మొక్క అవుతుంది. ఆమెకి ప్రతి వస్తువూ ముందు తన చెడ్డ ముఖమే చూపిస్తుంది. లిఫ్టు ఎక్కితే తాడు తెగుతుందని, పిల్లకి తుమ్ము వస్తే న్యుమోనియా అని. పనికి బయల్దేరి రెండంతస్తులు దిగాక మళ్లీ పైకి ఎక్కి గ్యాస్ కట్టేసి ఉందో లేదో చూసి వస్తుంది. ఎప్పుడూ కట్టేసే ఉంటుంది.

ఈసారి వారాలు మార్చుకున్నందువల్ల పిల్ల వరసగా రెండు వారాలు తండ్రి దగ్గరే; రావడానికి ఇంకా పన్నెండు రోజులు ఉన్నాయి. యార్మిలా మొట్టమొదటిసారి తన భయాలన్నిటినీ పక్కకి నెట్టేసి, అల్మారా అరలోకి సరిపోయే గాజుపెట్టె ఒకటి కొని ఇంటికి మోసుకొచ్చింది. దాంట్లో ఏం పెట్టాలో, ఎలా పెట్టాలో మాత్రం ఆమెకి తెలియదు.

ఆదివారం పొద్దున్నే కళాభవనంలో జంతువుల సంత జరుగుతుంది. ఐస్‌క్రీమ్ డబ్బాల్లో పాములు, చాక్లెట్ పెట్టెల్లో సాలీళ్లు. చంటిపిల్లల్ని ఎత్తుకున్న తండ్రులు కూడా బల్లుల్ని బేరం ఆడుతుంటారు. యార్మిలా చేతులు రెండూ కోటు జేబుల్లో దాచుకుని, ఎవరికీ తగలకుండా, కప్పల సామాను అమ్మే హొలుషా గారి బల్ల దగ్గరికి వెళ్లింది. ఆయన రైల్వేలో చేసి రిటైరయ్యాడు. తెల్ల మీసాలు. నలభై ఏళ్లుగా కప్పలూ తొండలూ పెంచుతున్నాడు.

"ఏ ప్రాణికమ్మా?" అన్నాడు.

"గోదురుకప్పకండి. దీపం, మొక్కలు కావాలి. చచ్చిపోకుండా ఉండేవి."

"ఏది చచ్చిపోకుండా? కప్పా, మొక్కలా?"

"రెండూనండి."

"అలాంటి సరుకు అమ్మే కొట్టు ఎక్కడైనా ఉంటే చెప్పండి, నేనే ముందు వెళ్లి లైన్లో నిలబడతా." ఆయన నవ్వాడు. యార్మిలా నవ్వలేదు. ఆయన మీసం తుడుచుకుని కొంచెం మెత్తబడ్డాడు. "పగలు ఎక్కువసేపు ఎక్కడుంటుంది మీ కప్ప?"

"కుండీ పెంకు కింద."

"చూశారా మరి. ఇదిగో, ఈ ఎర్ర దీపాలు, వేడి దీపాలు, వీటివైపు చూడకండి. దాని ఒళ్లు ఎండి ఒరుగైపోతుంది. ఇదిగో ఈ తెల్ల దీపం. దీని పక్కన ఈ సన్న గొట్టం దీపం, పొద్దుటి ఎండ ఆకుల్లోంచి పడినంత ఇస్తుంది, అంతకి మించి వద్దు. పన్నెండు గంటలు వెలగాలి, పన్నెండు గంటలు ఆరిపోవాలి. ఈ గడియారం బిళ్ల ప్లగ్గుకి పెడితే అదే చూసుకుంటుంది."

"నీళ్ల చుక్క పడితే కాలిపోదా?"

"మూత మీద జాలీ ఉంటుంది, దీపం దాని పైన ఉంటుంది. నా ఇంట్లో నలభై ఏళ్లలో కాలిపోయింది ఒక్కటేనమ్మా, మా ఆవిడ ఓవెన్లో పెట్టిన బాతు."

"ఇంత దీపానికి కప్ప బాగా కనిపిస్తుందాండి? మా అమ్మాయి చూడాలి కదా."

హొలుషా గారు దీపం కింద పెట్టి ఆమెని ఒకసారి పరిశీలనగా చూశాడు. "మీరు దీన్ని తిరగేసి అనుకుంటున్నారు. కప్ప దీపం అడగదు. కప్ప నీడ అడుగుతుంది. దీపం అడిగేవి మొక్కలు. మీరు దీపం కొనేది మొక్కల కోసం, మొక్కలు పెట్టేది నీడ కోసం. ఇంక కప్పంటారా, అది కనిపించట్లేదంటే దానికి అక్కడ బాగున్నట్టు."

ఆ మాట యార్మిలాకి అస్సలు నచ్చలేదు. కనిపించని దానికోసం ఎవరు వస్తారు?

"మొక్కలేమో, వెలుతురు తక్కువైనా బతికేవి పెట్టండి," అంటూనే ఉన్నాడాయన. "మనీప్లాంటు. చిన్న ఫెర్న్. గోడకి పాకే చిట్టి ఆకుల తీగ. నాచు."

"మనీప్లాంటు విషం అంటారు కదండీ?"

"మీ కప్ప ఆకులు తింటుందా?"

"అది తినదు. కీచురాళ్లు తింటాయి. కీచురాయి ఆకు తిని, ఆ కీచురాయిని కప్ప తింటే?"

పక్క బల్ల దగ్గర సాలీళ్లు అమ్ముతున్న కుర్రాడు ఫక్కున నవ్వాడు. హొలుషా గారు నవ్వలేదు. "అయితే కీచురాళ్లని ఆకలితో పంపకండి. ముందు వాటికి కడుపునిండా క్యారెట్ పెట్టండి. మీరూ వంట చేసేవారేగా, ఆమాత్రం మీకు నేను చెప్పాలా? ఇంకోటి వినండి. మొక్కలు పెద్ద దుకాణాల్లో కొనకండి. పురుగులమందు వేళ్లలోకంటా పోసి అమ్ముతారు. కప్ప చర్మంతో తాగుతుంది, ఆ మందూ తాగేస్తుంది. తెలిసినవాళ్ల కిటికీలోంచి కొమ్మలు తెచ్చుకోండి. మందు ఎరగని కిటికీ."

అలాంటి కిటికీ యార్మిలాకి ఒక్కటే తెలుసు. తన ఎదురింటిది.

షెబెస్తోవా గారికి ఎనభై దాటాయి. ఆరో అంతస్తులో తలుపుకి తలుపు. ఆవిడ వంటగది కిటికీ నిండా పెరుగు డబ్బాల్లో, జామ్ సీసాల్లో, పిడి విరిగిన కప్పుల్లో మొక్కలే.

"మందా? పెన్షన్‌తో నా మందులు కొనుక్కోలేక ఛస్తుంటే మొక్కలకి మందులా! పురుగు కనిపిస్తే వేళ్లతో నలిపేస్తా," అంది ఆవిడ. "రా యార్మిల్కా, లోపలికి రా. ఏది కావాలి?"

ఆవిడ కత్తెర తీసుకుని మనీప్లాంటులో రెండు కొమ్మలు కణుపు కింద తుంచింది. ఫెర్న్‌ని వేళ్లతో సహా రెండుగా చీల్చి సగం ఇచ్చింది. నీళ్ల సీసాలో వేళ్లు దిగి ఉన్న పాకుడు తీగ ఒకటి ఇచ్చింది. అన్నీ తడి వార్తాపత్రికలో చుట్టి యార్మిలా చేతిలో పెట్టి, వేలు పైకెత్తింది.

"నోరు మూసుకో."

"మూసుకున్నానండీ."

"ఆ మాట మాత్రం అనొద్దు. అన్నావో, వేరు పట్టదు."

యార్మిలాకి చెప్పక్కర్లేదు. ఎవరైనా మొక్క ఇస్తే థాంక్స్ చెప్పకూడదు. వాళ్లమ్మా ఎప్పుడూ చెప్పలేదు, అమ్మమ్మా చెప్పలేదు. మొక్క తీసుకుని, తల ఊపి, వాతావరణం గురించో మోకాళ్ల గురించో మాట్లాడాలి. "ఈసారి మంచు ఇంకా వదల్లేదండీ," అంది యార్మిలా. "నా మోకాళ్లనడుగు, చెప్తాయి," అంది షెబెస్తోవా గారు. అక్కడితో ఆ పని సవ్యంగా అయినట్టే.

వెందులకి ఐదేళ్లప్పుడు ఇదే వంటగదిలో ఈవిడే ఊదారంగు పువ్వుల మొక్క ఆకు ఒకటి ఇచ్చింది, నాటుకోమని. పిల్ల బుద్ధిగా, కొత్తగా నేర్చుకున్న మర్యాదతో, "థాంక్స్ అండీ," అంది. యార్మిలా ఆ క్షణంలోనే ఆ చిన్న చేతి మీద ఒక్కటి వేసింది. ఎందుకు వేసిందో ఆమెకే తెలియదు, భయానికి వేసింది. వారానికి ఆకు కుళ్లిపోయింది. "నేనే చంపేశానమ్మా," అని వెందుల రెండు రోజులు ఏడ్చింది. అప్పట్నుంచీ ఎవరు ఏ మొక్క ఇచ్చినా ఆ పిల్ల రెండు చేతులతో నోరు గట్టిగా మూసుకుని, కళ్లు మాత్రం పెద్దవి చేసి చూసేది. చూసినవాళ్లందరికీ నవ్వే. యార్మిలా మాత్రం ఆ రెండు చిన్న చేతులనే చూసేది.

పెట్టె పెట్టడానికి ఆమెకి మూడు సాయంత్రాలు పట్టింది. అడుగున గులకరాళ్లు, వాటిని మూడుసార్లు మరగబెట్టింది. దానిమీద కొబ్బరిపొట్టు, మట్టి. అడవి అంచు నుంచి తెచ్చిన ఎండుటాకుల్ని ఓవెన్లో పెట్టి వేడిచేసింది, వాటిలో ఏ గుడ్లున్నాయో ఏమో అని. ఇల్లంతా పొగవాసన. మొక్కలకి పోసే నీళ్లు రోజంతా మూత లేకుండా ఉంచి, క్లోరిన్ వాసన పోయాకే పోసింది. మనీప్లాంటు ఒకటి వెనక మూల, ఒకటి నీళ్ల గిన్నె పక్కన. ఫెర్న్ మధ్యలో. తీగని వెనక అద్దానికి ఆనించింది. నాచు పరిచింది. గడియారం బిళ్లని ఉదయం ఎనిమిదికి వెలిగి, రాత్రి ఎనిమిదికి ఆరిపోయేటట్టు తిప్పింది. దీపం వెలగ్గానే ఆకుపచ్చగా ఒక చిన్న లోకం లేచి నిలబడింది. తన చేత్తో అలాంటిది ఒకటి అవుతుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

చేతులు తడుపుకుని కప్పని తీసి లోపల పెట్టింది. అది ఒక మూల నిక్కి కూర్చుని గొంతు ఆడించింది. మర్నాడు పొద్దున్నకి లేదు.

ఇంక మొదలైంది యార్మిలా పని. మూతకి ఏ సందూ లేదు, కాబట్టి మట్టిలోనే ఉండాలి. మట్టిలో ఉంటే ఊపిరాడక చచ్చి ఉండాలి. చెక్క గరిటెతో తవ్వింది. ఫెర్న్ పక్కన రెండు కళ్లు, బంగారురంగువి, ఏమిటీ గొడవ అన్నట్టు చూశాయి. కప్పేసింది. రెండు రోజులకి మళ్లీ తవ్వింది. మళ్లీ అవే కళ్లు. ఈసారి ఫెర్న్ వేర్లు కొన్ని తెగాయి. హొలుషా గారికి ఫోన్ చేసింది.

"మట్టిలో దూరిందండీ. బయటికి రావట్లేదు."

"మరెక్కడ ఉండమంటారు, సోఫాలోనా?"

"తింటుందో లేదో కూడా తెలియట్లేదు."

"కీచురాళ్లు తగ్గుతున్నాయా?"

ఆమె లెక్క పెట్టింది. పది వేస్తే మూడే ఉన్నాయి. "తగ్గాయి."

"మరి అవి లిఫ్టులో కిందికి దిగిపోలేదుగా. వదిలేయండమ్మా దాన్ని. ఒక్క వారం, మీరు ఏమీ చేయకుండా ఉండండి. ఏమీ చేయకపోవడం కూడా పనే."

అదే ఆమెకి చేతకాని పని. పిల్ల వచ్చేసరికి కప్ప కనిపించాలి కదా అని, టేబుల్ ల్యాంప్ తెచ్చి పక్కనుంచి లోపలికి వేసి చూసింది. మట్టి కొంచెం కదిలింది. కప్ప ఇంకా లోతుకి వెళ్లిపోయింది. ఆ ల్యాంప్ తీసేసింది. ఆపైన నిజంగానే చేతులు కట్టుకుని కూర్చుంది.

బుధవారం పొద్దున, దీపం ఇంకా వెలగకముందు, పనికి వెళ్తూ ఒకసారి వంగి చూసింది. మనీప్లాంటు ఆకు కింద, నీళ్ల గిన్నెలో నడుము వరకూ మునిగి, క్నెడ్లీక్ కూర్చుని ఉంది. పొట్ట నిండుగా. వీపు మీద ఇదివరకు లేని మెరుపు. దాని తల మీదుగా, కొమ్మ చివర, చుట్ట విప్పుకుంటున్న కొత్త ఆకు ఒకటి. యార్మిలా ఊపిరి బిగపట్టి చూసింది. ఆ నిమిషం ఆమెకి దేనికీ భయం వేయలేదు. భయం వేయట్లేదని తెలియగానే మళ్లీ భయం వేసింది. ఆ రోజు రెండంతస్తులు దిగాక గ్యాస్ చూడటానికి పైకి మాత్రం రాలేదు.

శుక్రవారం సెలవు పెట్టుకుంది. ఫ్రిజ్‌లో దాచిన రేగుపండ్లంత ప్లమ్‌లు లోపల పెట్టి వెందులకి ఇష్టమైన తియ్యటి క్నెడ్లీక్‌లు చేసింది. గసగసాలు నూరి, చక్కెర కలిపి, వెన్న కరిగించి పెట్టుకుంది. తలుపు పక్కన పిల్ల ఇంటి చెప్పులు, ముక్కులు లోపలివైపు తిప్పి పెట్టింది. మూడింటికి గంట మోగింది.

వెందుల గుమ్మంలో నిలబడింది. భుజానికి సంచీ లేదు. చేతిలో మూతకి కన్నాలు పెట్టిన డబ్బా ఉంది.

"బూట్లు విప్పనమ్మా. రెండు నిమిషాలే. నాన్న కింద ఇంజన్ ఆపకుండా బండిలోనే ఉన్నాడు."

"ఇది నా వారం కదే."

"నాన్న నీకు మెసేజ్ పెట్టానన్నాడే."

యార్మిలా ఫోన్ వంటగదిలో ఎక్కడో పిండి సంచీ వెనక ఉంది. ఆమె చెప్పుల వైపు చూసింది. ఈ ఇంట్లోకి బూట్లతో వచ్చేది గ్యాస్ మీటర్ చూసేవాడొక్కడే.

"ఆ ఆఫీసావిడ బుధవారం బడికి వచ్చిందమ్మా," అంది వెందుల, డబ్బా మూత ఊడదీసి, మళ్లీ పెట్టి. "ఎక్కడ ఉంటావంది. చెప్పేశా."

"పన్నెండు నిండలేదుగా ఇంకా నీకు?"

"అడిగింది, చెప్పా. నేను వస్తాలే, శని ఆదివారాలు. వారం విడిచి వారం."

బుధవారం. పొద్దున నీళ్ల గిన్నెలో నడుము వరకూ మునిగి కూర్చుంది కప్ప. యార్మిలాకి ఆ ఆకు గుర్తొచ్చింది. "క్నెడ్లీక్ కోసమా?" అంది. "అందుకే అయితే చూడు, ఒక్కసారి వచ్చి చూడవే, నేను పెట్టాను..."

"కాదమ్మా. దానికోసం కాదు." పిల్ల తలుపు చెక్క గీకుతూ ఉంది. "ఇక్కడ ఎప్పుడూ నాకు ఏదో అవబోతున్నట్టు ఉంటుంది. ఏమీ అవదు. కానీ నువ్వు చూస్తూనే ఉంటావుగా."

యార్మిలా నోరు తెరిచింది. దాంట్లోంచి వచ్చిన మాట, "జిప్పు పైకి లాక్కో, మెట్ల మీద గాలి," అని.

వెందుల లాక్కోలేదు. బూటు మునివేళ్ల మీద, మట్టి అంటకుండా, లోపలికి వచ్చింది. గాజుపెట్టె ముందు ఆగిపోయింది. దీపం కింద ఆకులన్నీ కడిగినట్టు మెరుస్తున్నాయి. తీగ వెనక అద్దాన్ని రెండు చోట్ల పట్టుకుంది.

"ఇది నువ్వే పెట్టావా?"

"నేనే."

"దీపం కూడానా?"

"దీపం కూడా. కాలదంటలే, అడిగాను."

పిల్ల ముక్కు అద్దానికి ఆనించింది. అద్దం మీద చిన్న ఆవిరి మచ్చ కమ్మింది. "నాన్న తెచ్చినదాంట్లో ప్లాస్టిక్ ఆకులే వచ్చాయి. నిజంవి తర్వాత పెడతాడట." ఒక్క క్షణం యార్మిలా పిల్ల మనసు మారుతుందేమో అనుకుంది. "క్నెడ్లీక్ ఏదీ మరి?"

"మట్టిలో. బాగుంటేనే అలా దాక్కుంటుందట."

కింద హారన్ మోగింది. ఒకసారి, పొట్టిగా.

"తీయవా అమ్మా. నేను తవ్వితే మట్టి దాని మీద కూలిపోతుందేమోనని భయం."

యార్మిలా చేతులు తడుపుకొచ్చింది. గరిటె వాడితే దానికి ఎక్కడ తగులుతుందో అని వేళ్లతోనే తవ్వింది. ముందు ఫెర్న్ పైకి వచ్చింది. నాచు మడతపడింది. ముందరి మనీప్లాంటు వేళ్లతో సహా లేచింది. తెల్లటి వేళ్లు, వేలెడంత పొడుగువి. పది రోజుల్లో ఎంత దిగాయి అనుకుంది ఆమె. తీగ ఒకటి తెగింది. ఎండుటాకులన్నీ పెట్టెలో తలకిందులయ్యాయి. రెండోసారి హారన్ మోగింది. కప్ప వెనక మూల మనీప్లాంటు వేళ్ల కింద, ఆ వేళ్లు తన మీదుగా అల్లుకోనిచ్చి, హాయిగా పడుకుని ఉంది. వేళ్లు విడదీసి తీయాల్సి వచ్చింది.

"అబ్బ, ఎంత లావయ్యావురా!" అంది వెందుల. ఆ వారాల్లో మొదటిసారి యార్మిలా కూతురి గొంతులో తనకి తెలిసిన పిల్లని విన్నది. "చూడమ్మా, పొట్ట చూడు! ఏం పెట్టావు దీనికి?"

"క్యారెట్ తిన్న కీచురాళ్లు."

పిల్ల నవ్వింది. డబ్బాలో తడి కాగితం మీద కప్పని పెట్టి మూత బిగించింది.

"నీళ్లు కొళాయిలోంచి పట్టి అలాగే పోసేయకు. ఒక రోజు మూత లేకుండా ఉంచాలి. దీపం పన్నెండు గంటలు. మీ నాన్న ఎర్ర దీపం తెస్తే వద్దను, దాని ఒళ్లు ఎండిపోతుంది. దుకాణం మొక్కలు అస్సలు..." అంటూనే యార్మిలా లేచిపడున్న మనీప్లాంటుని తీసి, కొత్త ఆకు విరగకుండా తడి వార్తాపత్రికలో చుట్టింది. "ఇది పెట్టుకో. మందు ఎరగని మొక్క. ప్లాస్టిక్ ఆకులు నీడ ఇవ్వవు. క్నెడ్లీక్‌లు కూడా చేశాను, తినేవి. డబ్బాలో వేసి ఇవ్వనా?"

"ఇలోనా మధ్యాహ్నం పెట్టిందమ్మా. కడుపు నిండుగా ఉంది."

వెందుల ఒక చేత్తో కప్ప డబ్బా పట్టుకుంది. రెండో చేత్తో వార్తాపత్రిక పొట్లం అందుకుంది. గుమ్మం దాటి, తిరిగి, పరాయివాళ్లకి చెప్పినట్టు చెప్పింది.

"థాంక్స్ అమ్మా."

యార్మిలా ఆ చేతుల వైపే చూసింది. అవి రెండూ నిండుగా ఉన్నాయి. నోరు మూసుకోవాలన్నా ఖాళీ లేదు. మర్చిపోయిందా, పెద్దదై అలాంటివి వదిలేసిందా, లేక తెలిసే అన్నదా. అడుగుదామనుకుంది. లిఫ్టు తలుపు మూసుకుంది. తాడు గురించి ఆలోచించడం ఆ రోజు ఆమెకి గుర్తు రాలేదు.

బాల్కనీ నుంచి చూస్తే ఆరంతస్తుల కింద బండి పైకప్పు ఒక్కటే కనిపించింది, తర్వాత అదీ కనిపించలేదు.

ఆమె లోపలికి వచ్చి ఫెర్న్‌ని మళ్లీ పాతింది. నాచు సరిచేసింది. తెగిన తీగ ముక్కని అద్దానికి ఆనించి పెట్టింది, పట్టుకుంటుందో లేదో. దీపం వెలుగుతూనే ఉంది, ఎనిమిది వరకూ వెలుగుతుంది. ప్లగ్గు దగ్గరికి చెయ్యి పోనిచ్చి, మళ్లీ వెనక్కి తీసుకుంది. గిన్నెలో ప్లమ్ క్నెడ్లీక్‌ల మీద పోసిన వెన్న తెల్లగా గడ్డకట్టింది. వాటిలో నాలుగు ఒక పళ్లెంలో పెట్టుకుని ఎదురింటి తలుపు కొట్టింది.

షెబెస్తోవా గారు పళ్లెం అందుకుని వాసన చూసింది. "పిల్ల రాలేదా?"

"వచ్చింది. వెళ్లింది. కప్పని తీసుకుపోయింది."

ముసలావిడ పళ్లెం లోపల పెట్టి వచ్చింది. తర్వాత, మాట మార్చాలనే కాబోలు, "మొక్క ఇచ్చావా దానికి?" అంది.

"ఇచ్చాను. మనీప్లాంటు. మీరిచ్చిందే."

"ఏమైనా అన్నదా తీసుకునేటప్పుడు?"

యార్మిలా మెట్ల కిటికీలోంచి బయటికి చూసింది. "లేదండీ. ఏమీ అనలేదు."

"అదీ, పెంపకమంటే అదీ. వేరు పడుతుందిలే యార్మిల్కా, చూస్తుండు."

"మంచు ఇంకా వదల్లేదండీ," అంది యార్మిలా.

ఇంట్లోకి వచ్చి తలుపు వేసుకుంది. పిల్ల చెప్పులు ముక్కులు లోపలివైపే తిరిగి ఉన్నాయి. వాటిని దాటుకుని వంటగదిలోకి వెళ్లి గ్యాస్ కట్టేసి ఉందో లేదో చూసింది. కట్టేసే ఉంది. కాసేపాగి మళ్లీ చూసింది.